ఆమె మాట

విడాకులకి ఇద్దరం ఒప్పుకున్నాకే నేనూ మా ఆవిడా మనసు విప్పి మాట్లాడుకున్నాం. ఆ మాటలకి నేను తీసిన అర్థం నా అవివేకం.

పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1955 హిందూ వివాహ చట్టంలోకి 1976 సవరణతో వచ్చింది. కనీసం ఏడాది విడిగా ఉన్నాకే అర్జీ పెట్టాలి, ఆ తర్వాత మామూలుగా ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఈ గడువు తీసేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. మేం అడగలేదు.

ఆ గడువులో వానాకాలమంతా ఆమె సామాన్ల కోసం, సంతకాల కోసం పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోని మా ఇంటికి వచ్చేది. పనైపోయినా కూర్చునేది. ఒకరోజు అడక్కుండానే చెప్పింది: "శ్రీకాకుళం నుంచి వచ్చాక ఎవరితో ఏం మాట్లాడాలన్నా హిందీయే. నాకు ఒక్క ముక్క రాదు. అన్నీ మీరే మాట్లాడేసేవారు. నాకు నోరుందన్న సంగతే మర్చిపోయానండీ."

నిజమే. విశాఖ ఓడ దిగింది మొదలు అబర్డీన్ బజారులో కూరల బేరం నేనే ఆడాను. ఆస్పత్రిలో ఆమెకి నొప్పి ఎక్కడో డాక్టరుకి నేనే చెప్పాను. దాన్ని ప్రేమ అనుకున్నాను.

ఆ రోజు నుంచి చాలా చెప్పుకున్నాం. కలిసి ఏడ్చాం. కాపురంలో ఎన్నడూ లేని చనువు వచ్చింది. ఇంక ఆమె తిరిగొచ్చేస్తుందని నిశ్చయించేసుకున్నాను. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా ఒకరు అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని 1991లో సురేష్టా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి లాయరు దగ్గర విన్నాను. ఆ ధీమాతోనే అన్నాను: "మనం బాగానే ఉన్నాం కదా. నేను ఒప్పుకోవట్లేదని కోర్టులో చెప్పేస్తాను."

"మళ్ళీ నా మాట కూడా మీరే చెప్పేస్తున్నారు" అంది.

నేను అంగీకారం వెనక్కి తీసుకోలేదు. డిక్రీ వచ్చింది. నా దగ్గర ఆశించేదీ భయపడేదీ ఇంకేం లేదు కాబట్టే ఆమె అంత చెప్పగలిగింది. ఆ చనువు నిజం, విడిపోవాలన్న ఆమె నిర్ణయమూ నిజం. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయబోయాను.

ఊరి నుంచి భార్యల్ని ఈ దీవులకి తెచ్చుకునే మనవాళ్ళకి ఒక్కటే చెబుతున్నాను. వచ్చిన మొదటి నెలలోనే ఆవిడకి నాలుగు హిందీ ముక్కలు నేర్పండి. తప్పులొచ్చినా సరే, డాక్టరుతో ఆవిణ్ణే మాట్లాడనివ్వండి. ఇంటికొచ్చాక, మీతో చెప్పుకోవాల్సింది ఇంకేమైనా మిగిలిందేమో అడగండి.