ఒక వైరు పద్యానికి టీకా తాత్పర్యం

తే. గీ.
వాన రాదని తెలిసియు వైరు గట్టి
గాలి మాటల కెదురేగి కాచుచుండి
నూరు మార్కుల నేబది నోచుకొన్న
పేరు వీయూత్రి గాగల పెద్ద యెవడు?

అవతారిక: కంబదూరులో ఒక మిద్దె మీద బట్టలారేసే తీగ చాలక రెండో తీగ ఎందుకు లేచిందని ఊరు అడగ్గా పుట్టిన పద్యమిది. కవి ఎవరో తెలియదు. చేతిరాత మాత్రం వ్యాఖ్యాతది.

టీక: వాన రాదని తెలిసియు = ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే తచ్చాడే జిల్లాలో పుట్టి, మబ్బును నమ్మరాదని శెనక్కాయ చేలో నేర్చుకొని కూడా. ఈ మాట పాదపూరణకు వేసింది కాదు. రేడియోలో మాట పంపే నిలువు కడ్డీ ఏరియల్‌కు కింద తడి నేల కావాలి. ఎండిన నేలైతే మనం పంపే బలంలో చాలా భాగం మట్టిని వేడి చేయడానికే పోతుంది. రెండు చేతులు చాచిన అడ్డతీగకు, అంటే డైపోల్‌కు, ఆ బెడద తక్కువ. అందుకే కవి కడ్డీ అనక వైరు అన్నాడు.

వైరు గట్టి = 7.1 మెగాహెర్ట్జ్‌కు తగినట్టు మొత్తం 20 మీటర్ల తీగ తెచ్చి, నడిమికి కోసి, చెరో పది మీటర్లు చాపి. ఒక కొస మిద్దెకు, ఒక కొస వేపచెట్టుకు. పేరులోనే కంబమున్న ఊళ్లో కంబం దొరక్క చెట్టును ఆశ్రయించడం కవిసమయం కాదు, కవి దరిద్రం. పొరుగింటివారి ప్రతిలో ‘వైర మంది’ అని పాఠాంతరముంది. తీగ వాళ్ల మిద్దె మీదుగా పోతుంది కాబట్టి ఆ పాఠమూ గ్రాహ్యమే. యతి కూడా చెడలేదు.

గాలి మాటలు = ఇక్కడ శ్లేష. ఊరి అర్థం పుకార్లు, సరదాకు రేడియోలో మాట్లాడుకునే హ్యాం రేడియో వాళ్ల అర్థం తీగలేని సంభాషణ. మా అవ్వ మొదటి అర్థమే తీసుకుంది: ‘ఫోనుండాది కదప్పా, మల్ల ఇదెందుకు? ఎవురితో మాట్లాడల్ల?’ దీనికి ప్రమాణం చూపాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ అన్న పిలుపుపేరుతో ఉన్నారు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వెళ్లిన హ్యాం బృందం ఆమెది. దేశదేశాల వాళ్లతో సరదాగా పలకరింపులకు తీసుకెళ్లిన సెట్లు, ఫోన్లు మూగబోయిన దీవుల నుంచి బతికున్నవాళ్ల కబుర్లు మోశాయి. అవ్వ విని, ‘అట్లయితే సరే, ఉండనీ’ అంది.

నూరు మార్కుల నేబది నోచుకొన్న = కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పెట్టే పరీక్షలో రిస్ట్రిక్టెడ్ గ్రేడు గట్టెక్కిన. రేడియో సిద్ధాంతం ఒక భాగం, నియమాలు ఒక భాగం. ఒక్కోదాంట్లో నూటికి నలభై, మొత్తం మీద యాభై రావాలి. పన్నెండేళ్లు నిండితే రాయవచ్చు. జనరల్ గ్రేడు కావాలంటే నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ కూడా రావాలి. ఇరవయ్యేళ్ల లైసెన్సుకు వెయ్యి రూపాయలు, జీవితకాలానికి రెండు వేలు. కవి ఎంత కట్టాడో పద్యంలో లేదు. మనిషిని బట్టి చూస్తే వెయ్యే.

వీయూత్రి = రిస్ట్రిక్టెడ్ వాళ్లకిచ్చే పిలుపుపేరు మొదలు. జనరల్ వాళ్లది వీయూటూ. అంకె పెరిగితే హోదా తగ్గే విచిత్రం ఇక్కడుంది.

ఆక్షేపం: మొదటి సెట్టంటే లోకమంతా బావోఫెంగ్ యూవీ-5ఆర్ చేతిసెట్టును చూపిస్తుంది. చవక, జేబులో పడుతుంది. కవి దాన్నెందుకు వదిలాడు?

సమాధానం: అది చూపుమేర సెట్టు. చెవి ఎత్తున పట్టుకున్న ఇద్దరు బయలు నేల మీద పది కిలోమీటర్లు దాటితే భూమి వంపే అడ్డం. నగరంలో ఎత్తు మీద, మాటను అందుకొని మళ్లీ పంపే రిపీటరు ఉంటే అదే సెట్టు మహారాజు. కంబదూరు నుంచి పది కిలోమీటర్లంటే మేకలు, కందిచేలు, ఇంకో కంబదూరువాడు. ఇంకో కంబదూరువాడితో మాట్లాడటానికి రచ్చబండ ఉంది. 7.1 మెగాహెర్ట్జ్ పడే నలభై మీటర్ల బ్యాండులో అడ్డతీగ పంపే మాట ఆకాశంలో అయనమండలాన్ని తాకి, పగటిపూట కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు మూడూ అందులోనే ఉన్నాయి. వీయూత్రి వాళ్లకూ ఆ బ్యాండులో చోటుంది.

సెట్టు మాటా చెప్పాలి. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, చవకగా సొంతంగా కట్టుకొమ్మని బిట్‌ఎక్స్ అనే సెట్టు రూపొందించాడు. తొలి నమూనాలో కాయిళ్లు చుట్టడానికి వాడింది నీటి కొళాయి వాషర్లు! కొళాయిలో నీళ్లు రాని ఊళ్లో వాషరుకు ఇంతకన్న సద్గతి ఏముంటుంది? తర్వాత వచ్చిన బిట్‌ఎక్స్ 40 బోర్డు నలభై మీటర్లకే, బలం ఏడు వాట్ల దాకా. రాత్రి చదువుకునే దీపమంత. పక్క చేలో బోరు మోటరు స్టార్టరు పడితే చిటపటలు తప్పవు. కరెంటు పోయిందా, బ్యాండు తేటపడుతుంది. కరెంటు కోతను మెచ్చుకున్న వ్యాఖ్యానం బహుశా ఇదొక్కటే.

తాత్పర్యం: మొదటి సెట్టు కొనేవాడు ధర కన్నా ముందు తన చుట్టూ ఎవరున్నారో చూసుకోవాలి. ఎవరూ లేనివాడు తీగ కట్టుకోవాలి. లైసెన్సు కాగితం రాకముందు సెట్టు కొనరాదు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం నుంచీ అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఉరుము వినబడితే తీగ ఊడదీయాలి. ఊరికి వాన, ఏరియల్‌కు పిడుగు ఒకే మబ్బులో వస్తాయి.

అలంకారం: జరగబోయేదాన్ని కళ్లముందు జరిగినట్టు చెప్పడం భావికం. పరీక్షకు దరఖాస్తు పోయిన నెల వెళ్లింది, తేదీ ఇంకా రాలేదు. వైరు మాత్రం వేపచెట్టుకు కట్టే ఉంది. ప్రస్తుతానికి దాని మీద అవ్వ దుప్పటి ఆరుతోంది.