స్ప్రింగు ఒకటి, దానికో తాళం

జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగిందో లేదో, మన సైకిల్ కంపెనీలకు కొండలు గుర్తొచ్చాయి. ఆ ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. సామాన్యుడి మౌంటెన్ బైకట. సోమవారం కాలేజీకి అదే, శనివారం సంతకి అదే, ఆదివారం అనంతగిరి ఎక్కడానికీ అదే. బొమ్మలో కుర్రాడు బండితో సహా గాల్లో ఉంటాడు. కింద ధర ఉంటుంది, వేలకి ఒక్క రూపాయి తక్కువగా. కుర్రాడు నేలకి దిగాక ఏమయ్యాడో ఏ ప్రకటనా చెప్పదు.

హార్డ్‌టెయిల్ అనే ఆలోచనతో నాకు పేచీ లేదు. కొండదారికి చౌకగా బండి చేయాలంటే అంతకంటే తెలివైన పద్ధతి లేదు. వెనక చక్రం దగ్గర కీళ్లూ స్ప్రింగులూ తీసేయాలి, మిగిలిన డబ్బు గట్టి చక్రాల మీదా మంచి బ్రేకుల మీదా పెట్టాలి. మనవాళ్లు మొదటి సగం శ్రద్ధగా చేశారు. తీసేశారు. మిగిలిన డబ్బు స్టిక్కర్ల మీద పెట్టారు.

ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్కులో ఉండే షాకబ్జర్ల సంగతి మొదట తేల్చాలి. మిగతావన్నీ ఎలాగో మింగుతాను గానీ ఇది నాకు మింగుడుపడదు.

షోరూములో సేల్స్ కుర్రాడు హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కుతాడు. "చూడండి సార్, ఎలా దిగుతోందో!" దిగుతుంది నాయనా. గొట్టంలో స్ప్రింగు పెట్టాక దిగక ఛస్తుందా? దిగినంత జోరుగా పైకీ తంతుంది. నిఖార్సయిన ఫోర్కులో స్ప్రింగుతో పాటు నూనె ఉంటుంది. ఆ నూనె సన్నటి కంతల్లోంచి దూరుతూ దెబ్బలోని జోరుని వేడిగా మార్చేస్తుంది. ఆ ఏర్పాటు లేకపోతే రాయి కొట్టిన దెబ్బని స్ప్రింగు కాసేపు దాచుకుని మణికట్లకి తిరిగి అప్పజెబుతుంది. పైగా ఆ స్ప్రింగు ఎవరి బరువుకి చేశారో దేవుడికే తెలియాలి. యాభై కిలోల అమ్మాయి ఎక్కితే అది నిద్ర లేవదు. తొంభై కిలోల బాబాయ్ ఎక్కితే మళ్లీ లేవదు. గాలి ఫోర్కయితే బరువుని బట్టి పంపుతో గాలి కొట్టుకోవచ్చు. దీన్నేం కొట్టాలి?

అసలు వినోదం ఇప్పుడు. ఫోర్కు నెత్తిన నీలంరంగు మీట ఒకటుంటుంది. "సార్, దీనికి లాకౌట్ కూడా ఉంది." అంటే స్ప్రింగు కదలకుండా బిగించే తాళం. ఎందుకయ్యా అంటే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మన తొక్కుడంతా స్ప్రింగు తినేస్తుంది కాబట్టి అంటాడు. ఎంత నిజాయితీ! స్ప్రింగు పెట్టినందుకు కొంత డబ్బు, అది పనిచేయకుండా ఆపినందుకు ఇంకొంత. గోడకి కన్నం కొట్టించి, దొంగలు రాకుండా ఆ కన్నానికి తలుపు అమ్మినట్టు.

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద నిలబడి చూడండి. ఇరవైమూడు కిలోమీటర్ల సైకిల్ ట్రాకు, చేత్తో నిమరాలనిపించేంత నునుపు. అక్కడ తిరిగేవాటిలో సగం మౌంటెన్ బైకులు. వాటిలో తెలిసినవాళ్లు నడిపే ప్రతి బండికీ తాళం వేసే ఉంటుంది. రెండున్నర కిలోల దాకా ఇనుము ముందు వేలాడదీసుకుని, అది ఉన్నట్టు తెలియకుండా జాగ్రత్తపడుతూ తొక్కుతుంటారు. ఒక వానాకాలం నానాక ఆ తాళం తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఇక మీట ఎటు తిప్పినా ఒకటే. నా లెక్కలో ఆ ఫోర్కు జీవితంలో సవ్యంగా పనిచేసే దశ అదే.

అసలీ కొండదారి సైకిల్ క్రీడ పుట్టింది 1970లలో, కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో. అక్కడి కుర్రాళ్లు 1930ల, 40ల నాటి ష్విన్ సైకిళ్లు పట్టుకుని కొండ మీంచి దూకుడుగా దిగేవాళ్లు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేవి, మళ్లీ గ్రీజు కూరి మళ్లీ కొండెక్కేవాళ్లు. 1976లో మొదలైన వాళ్ల పందెం పేరే రీప్యాక్. వాళ్లకి స్ప్రింగుల్లేవు. లావుపాటి టైర్లున్నాయి. మౌంటెన్ బైకుల కోసం సస్పెన్షన్ ఫోర్కు అంగట్లోకొచ్చింది ఆ తర్వాత పుష్కరం దాటాకే. ఇవాళైనా మామూలు స్టీలు ఫోర్కు పెట్టి, రెండున్నర అంగుళాల టైర్లు వేసి, పాతిక పీఎస్‌ఐ గాలితో వదిలితే ఆ షోకు షాకబ్జర్ సిగ్గుపడేంత మెత్తగా పోతుంది. కానీ టైరు నొక్కి చూపిస్తే బండి అమ్ముడుపోదుగా!

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇలాంటి చౌక బండ్లతో ఇచ్చే పుస్తకం తెరిచి చదవండి. చాలావాటిలో చిన్న అక్షరాల్లో ఉంటుంది: గెంతవద్దు, రాళ్లదారిలో నడపవద్దు, నడిపితే వారంటీ చెల్లదు. గోడ మీద గెంతే కుర్రాడి బొమ్మ, పుస్తకంలో గెంతొద్దన్న షరతు. రెండూ అచ్చేసింది ఒకే కంపెనీ. ప్రకటన చూసేది పదమూడేళ్ల పిల్లాడు. పుస్తకం ఎవరూ చూడరు, చూడరని వాళ్లకీ తెలుసు. వాడు ఏ గుట్ట మీంచో దిగుతూ రేకు ముక్కలాంటి డిస్క్ బ్రేకుని పిసుకుతాడు, అది కీచుమంటుంది తప్ప ఆగదు. అప్పుడు తప్పు పిల్లాడిది. ఇది చౌకతనం కాదు, మోసం. పేదవాడికి గట్టి వస్తువు అక్కర్లేదు, గట్టిగా కనిపించేది చాలు అనే పొగరు.

"ఈ ధరకి ఇంకేమిస్తాం సార్" అంటారు. పైసా ఖర్చులేనిదైనా ఇచ్చారా? ముందు ఫోర్కు నిలబడే వాలు చూడండి. ఈ బండ్లలో చాలావాటికి డెబ్భై, డెబ్భై ఒక్క డిగ్రీలు, దాదాపు రోడ్డు సైకిలుకున్నట్టే నిటారుగా. కొండదారి బండ్లకి దాన్ని అరవై ఐదు, అరవై ఆరుకి వాల్చి చాలాకాలమైంది. చక్రం ముందుకి జరిగితే ఏటవాలులో మనిషి హ్యాండిల్ మీంచి పల్టీ కొట్టే ప్రమాదం తగ్గుతుంది. వెల్డింగు చేసే అచ్చులో గొట్టాన్ని కాస్త వాల్చి బిగించాలి, అంతే. కోణానికి జీఎస్టీ 12 శాతం ఉన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇరవైయొక్క గేర్ల గొప్ప కూడా వినీ వినీ విసుగొచ్చింది. ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28. అన్నిటికంటే తేలిక గేరుకీ బరువు గేరుకీ మధ్య మూడున్నర రెట్లు తేడా. ముందు ఒక్క పళ్లచక్రమే ఉంచి, వెనక 11 నుంచి 42 దాకా తొమ్మిది పెడితే 3.8 రెట్లు. గేర్లు తొమ్మిదే, అందేది ఎక్కువ, చైను పడిపోయే గొడవా తక్కువ. కానీ స్టిక్కరు మీద తొమ్మిది అంకె ఇరవైయొకటి పక్కన వెలవెలబోతుంది.

వెనక హబ్బుకి ఇంకా మర బిగించే ఫ్రీవీలే. బరువైనవాడు నాలుగు గతుకులు దాటితే ఇరుసు వంగుతుంది. ఫ్రేము సైజు ఒక్కటే, మనుషులే దానికి తగ్గట్టు పెరగాలి.

అన్ని పనులకూ పనికొస్తుందన్నారు కదా, క్యారియర్ బిగిద్దామని చూడండి. కంతలుండవు. పాల క్యాన్లూ బియ్యం బస్తాలూ మోసిన దేశంలో, పుస్తకాల సంచి కూడా పెట్టలేని సైకిలు. మడ్‌గార్డుకీ చోటు లేదు, లుక్కు పోతుందట. జులైలో మీ ఊరి కాలేజీ గేటు దగ్గర నిలబడండి. సామాన్యుడి మౌంటెన్ బైకు ఎవరెవరు కొన్నారో తెల్లచొక్కాల వీపుల మీద నిలువునా రాసే ఉంటుంది, బురదతో.