ముందు ర్యామ్ పీకి చూడండయ్యా

సిస్టం క్రాషై నీలి తెర పడిందంటే చాలు, ఈ కాలం కుర్రాళ్లు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తారు. "ఫార్మాట్ కొట్టేద్దాం బాబాయ్, గంటలో అయిపోద్ది" అంటారు. ఏ కోడ్ పడింది, ఎన్నాళ్లుగా పడుతోంది, ఏం చేస్తుంటే పడింది? ఒక్క మాట అడగరు. మా రోజుల్లో సగం రిపేరు ఆ ప్రశ్నల్లోనే తేలిపోయేది.

నరసరావుపేటలో ఎక్కడ చూసినా విండోస్ ఎక్స్‌పీ నడిచిన కాలం. క్రాషైతే అది తనంతట తానే రీస్టార్టయ్యేది, నీలి తెర చదివేలోపే మాయం. అందుకని ముందు సెట్టింగుల్లో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేసేవాళ్లం. ఈసారి పడితే తెర నిలబడుతుంది, కోడ్ కాగితం మీద రాసుకుంటాం. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ పేరు వస్తే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం. ఇవాళ 50, రేపు 1ఏ, ఎల్లుండి మరోటి అంటే చెయ్యి ర్యామ్ మీదికే పోవాలి. 7ఏ పడితే హార్డ్ డిస్కు, దాని కేబుల్ చూడాలి.

ర్యామ్ ముక్కలు రెండుంటే ఒకటి పీకి, పిన్నులు పెన్సిల్ రబ్బరుతో తుడిచి, రెండోదానితో నడపాలి. తర్వాత అదే స్లాట్‌లో మొదటిది. రాత్రికి మెమ్‌టెస్ట్86 పెట్టి వదిలేయాలి. 1994 నుంచీ ఉన్న ప్రోగ్రాం అది, విండోస్‌తో పనిలేకుండా నడుస్తుంది. ఒక్క ఎర్రర్ చూపించినా సరే, ముక్కదో స్లాట్‌దో మార్చి తేల్చుకోవాల్సిందే. ఆనక మల్టీమీటర్. ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల లైను 11.4 కిందికి దిగకూడదు. బోర్డు మీద కెపాసిటర్లు నెత్తిన ఉబ్బాయేమో కూడా చూసేవాళ్లం. 2000 తర్వాత కొన్నేళ్లు ఆ జబ్బు ప్రపంచమంతా ఉంది.

పైగా మనది పల్నాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము, రెంటచింతల ఎండ. పొద్దున బాగా నడిచి మిట్టమధ్యాహ్నం ఆగిపోయే సిస్టానికి కొత్త విండోస్ ఏం చేస్తుంది? మూత తీసి ఫ్యాన్ ఊది చూడాలి.

ఆ మధ్య ఒక పత్తి వ్యాపారి సిస్టాన్ని ఎవరో ఫార్మాట్ కొట్టారు. పోయింది హార్డ్ డిస్కు. ఏళ్ల లెక్కలు తుడిచిపెట్టుకుపోయాయి, వారం తిరక్కముందే మళ్లీ అదే నీలి తెర. డిస్కు మీద అనుమానముంటే అన్నిటికంటే ముందు ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకోవాలని ఆ కుర్రాడికి ఎవరూ నేర్పలేదు. నాకు బాధ అక్కడే.

తప్పెప్పుడూ హార్డ్‌వేర్‌దే అనను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒక్కటి 85 లక్షల సిస్టాలను పడేసింది, వాటి ర్యామ్‌కి ఏ రోగమూ లేదు. తప్పుడు ఫైలొకటి తీసేస్తే లేచాయి. అదే నెలలో ఇంటెల్ తన 13, 14వ తరం ప్రాసెసర్లకు వోల్టేజీ ఎక్కువై గేములు క్రాషవుతున్నాయని ఒప్పుకుంది. అప్పటిదాకా వీడియో మెమరీ చాలదని మెసేజ్ వస్తుంటే జనం గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నారు.

ఇప్పుడు చాలా లాప్‌టాప్‌ల్లో ర్యామ్ బోర్డుకే అతికించేస్తున్నారు, పీకి చూసే వీల్లేదు. 2025లో విండోస్ 11 తెర నీలం పోయి నల్లబడింది కూడా. అయినా కోడ్ పేరు అడుగున ఇంకా వేస్తూనే ఉన్నారు. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే హార్డ్‌వేర్ ఎర్రర్లు డబ్ల్యూహెచ్‌ఈఏ పేరుతో తేదీ, టైముతో సహా దొరుకుతాయి. పెన్‌డ్రైవ్ పెట్టేముందు అదొక్కటి తెరవండి నాయనా, ఫార్మాట్ కొట్టాక అదీ మిగలదు.