మోడరేట్ ప్రదక్షిణం

"మోడరేట్ అంటే ఎంత?"

కొడుకు తీసుకెళ్తానన్న కొండ నడక 'మోడరేట్ లూప్' అని విని, కాలిఫోర్నియాలో శాన్ రమోన్‌లోని ఆ కొడుకింటికి వచ్చి మూడు వారాలైన పెద్దాయన వేసిన ప్రశ్న అది. "అంటే... మరీ కష్టమూ కాదు, మరీ తేలికా కాదు నాన్నా" అన్నాడు కొడుకు. పులుసులో ఉప్పెంత వేశావురా అని అడిగినా వాడు ఇదే జవాబు చెప్పగలడు. (ఆ పెద్దాయన ఎవరో బయటపెట్టడం మర్యాద కాదు. మోకాలికి రాసుకున్న మందు వాసన ఈ కాగితం దాకా వస్తోందని మాత్రం చెప్పొచ్చు.)

ఎక్కబోయేది బ్రియోనెస్ రీజనల్ పార్కు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున 6,000 ఎకరాలకు పైగా పరుచుకున్న గడ్డికొండలు. 1934లో, ఆర్థిక మాంద్యం నెత్తి మీద కూర్చున్న రోజుల్లో, అక్కడి జనం పన్ను కట్టడానికి ఓటేసి మరీ తెచ్చుకున్న పార్కుల సంస్థ చూసుకునే చోటు. అందులో అన్నిటికంటే ఎత్తైన శిఖరం 1,483 అడుగులు. ఆ అంకె వినగానే పెద్దాయన నవ్వారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మనిషాయన. అది ఏ సంవత్సరమో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పైగా అలిపిరి దారికి పైన కప్పుంది, మధ్యలో మంచినీళ్ళున్నాయి, దిగడానికి బస్సుంది. బ్రియోనెస్‌లో కొండ నెత్తికి చేరాక చెట్టు నీడే అపురూపం.

కొడుకు సాఫ్ట్‌వేరు మనిషి. మోడరేట్‌కి నిర్వచనం లేకపోతే వాడికి నిద్ర పట్టదు. వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కు వాళ్ళ లెక్క తీశాడు. ఎక్కే ఎత్తుని అడుగుల్లో తీసుకుని, రెండుతో హెచ్చించి, నడిచే మైళ్ళతో మళ్ళీ హెచ్చించి, వర్గమూలం కట్టాలి. 50 లోపు వస్తే తేలిక. 50 నుంచి 100 దాకా మోడరేట్. వాడు గీసిన దారి 6 మైళ్ళు, ఎక్కుడు 1,200 అడుగులు. వర్గమూలం సరిగ్గా 120.

"పరీక్ష తప్పాం. ఇంట్లో ఉందాం" అంది తల్లి.

"ఆ లెక్క వర్జీనియా కొండలదమ్మా" అని, తనే తెచ్చిన లెక్కని తనే కొట్టేశాడు కొడుకు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు చెప్పిన సూత్రానికి మారాడు. గంటకి 3 మైళ్ళు, ప్రతి 1,000 అడుగుల ఎక్కుడికీ ఇంకో అరగంట. మొత్తం 2 గంటల 36 నిమిషాలు. నైస్మిత్‌గారు పులిహోర డబ్బా విప్పడానికీ, చెయ్యి కడుక్కోవడానికీ, "ఫొటో సరిగా రాలేదు, ఇంకోటి తియ్యి" అనడానికీ నిమిషాలు కేటాయించలేదు.

ఇక లూప్. వెళ్ళిన దారినే తిరిగి రాకుండా, కొండని చుట్టి మొదలుపెట్టిన చోటికే రావడం. తల్లికి ఇది చిటికెలో అర్థమైంది. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చూసిన పాదాలవి. "అయితే కుడిచేతివైపు నుంచే తిరగాలి. అప్రదక్షిణం పనికిరాదు" అంది. కొడుకు ఫోన్లో మ్యాపు తిప్పితిప్పి చూశాడు. పడమట అబ్రిగో లోయ దారిలో ఎక్కి, తూర్పున ఓల్డ్ బ్రియోనెస్ రోడ్డు మీదుగా దిగుదామని వాడి ఆలోచన. దిగేటప్పుడు వెడల్పాటి బాట ఉంటే నాన్న మోకాళ్ళకి మంచిదని. అదీ ప్రదక్షిణమే. శాస్త్రం గెలిచిందని తల్లి, డేటా గెలిచిందని కొడుకు, ఎవరికి వాళ్ళు సంతోషించారు.

పెద్దాయనకి మాత్రం సందేహం తీరలేదు. "ప్రదక్షిణమంటే మధ్యలో దేవుడుండాలి కదే. ఇక్కడ ఏముంది?"

"ఆవులున్నాయి మామయ్యగారూ" అంది కోడలు. నిజమే. గడ్డి ఏపుగా పెరిగి ఎండాకాలంలో అంటుకోకుండా ఆ కొండల మీద పశువుల్ని మేపుతారు. గేటు తీసినవాళ్ళే మళ్ళీ వెయ్యాలి.

"ఇంకేం, గోప్రదక్షిణం!" అంది అత్తగారు. ఆ రాత్రి అభ్యంతరాలన్నీ అక్కడితో ముగిశాయి.

ఏప్రిల్ ఎంచుకున్నారు. అక్కడ వానలు ఎక్కువగా నవంబరు, మార్చి మధ్య. అప్పుడు వెళ్తే బంకమట్టి బూటుకి పట్టి, అడుగడుక్కీ కిలో బరువు పెంచుతుంది. జులైలో వెళ్తే పెనం. ఆ వానల్లోనే పొరుగున ఉన్న టిల్డెన్ పార్కులో ఒక రోడ్డుని ఏటా అయిదు నెలలు మూసేస్తారు. న్యూట్లు అనే, బల్లుల్లా ఉండే ఉభయచరాలు గుడ్లు పెట్టడానికి నీటివైపు నడుస్తూ ఆ రోడ్డు దాటాలి మరి. "బల్లులకి రోడ్డు వదిలేస్తారా! మా రాజమండ్రిలో మనిషికే వదలరు" అన్నారు పెద్దాయన, ఈర్ష్యగా.

కోడలు అందరికీ చెప్పిన ఒకే ఒక్క జాగ్రత్త పాయిజన్ ఓక్. మూడేసి ఆకుల పొద కనిపిస్తే ముట్టుకోవద్దంది. తీరా ఆ రోజు, తొమ్మిదింటికి బయల్దేరాల్సినవాళ్ళు పదిన్నరకి చేరి, అర మైలు నడిచారో లేదో, "మారేడు దళం!" అంటూ అత్తగారు చెయ్యి చాపింది. కోడలు కేకకి దూరంగా ఆవులు కూడా తలెత్తాయి. అది జీడిమామిడి కుటుంబపు మొక్క. చాకలి బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి పసరుకి దగ్గర చుట్టం. ఒంటికి తగిలితే దద్దుర్లు. "జీడా! ముందే జీడని చెప్పొచ్చుగా" అని అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుంది.

నైస్మిత్ లెక్క ప్రకారం కారు దగ్గర ఉండాల్సిన వేళకి వాళ్ళు కొండ మీద రెండో డబ్బా విప్పుతున్నారు. ఎదురుగా 3,849 అడుగుల డియాబ్లో పర్వతం. పెద్దాయన ఈసారి నవ్వలేదు. కూర్చున్న చోట నుంచి లేవడం ఎలాగా అని ఆలోచిస్తున్నారు.

సాయంత్రానికి కారు చేరారు. కొడుకు గడియారం చూసుకుని మొహం మాడ్చుకున్నాడు. 5.9 మైళ్ళు. ఆ మిగిలిన కాస్తా పూర్తి చెయ్యడానికి పార్కింగులో కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"అటు కాదురా!" సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్న తల్లి అద్దం దించి అరిచింది. "కారు నీ కుడిచేతివైపు ఉండాలి!"