జానపదాన్ని జేబులో వేసుకోవడం ఎలా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పాటలకు కొదవ లేదు. భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం, కడాకు దుర్యోధన వధ. జాతరొస్తే గంగమ్మ పాటలు. పైగా జానపదాలకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. సొంతంగా పాట కట్టాలంటే బుర్ర పెట్టాలి, మనకెందుకా కష్టం?

1. ఫోను నిండుగా చార్జింగ్ పెట్టుకుని పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు పోండి. గొంతున్న అవ్వను పట్టండి. పేరు మాత్రం అడక్కండి. తెలిస్తే రేపు టైటిల్స్‌లో వేయాల్సొస్తుంది.

2. అవ్వకు హక్కుందన్న సంగతి పొక్కనీయకండి. 1957 కాపీరైట్ చట్టం పాములాడించేవాణ్ణి కూడా ప్రదర్శకుడిగానే లెక్కేస్తుంది. పాడేవాళ్లు ఒప్పుకోకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు, ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. సినిమాకు సంతకం పెట్టిచ్చినా, వ్యాపారానికి వాడితే రాయల్టీ ఇవ్వాలని 2012లో సవరణ కూడా తెచ్చారు. అందుకే “ఊరికే గుర్తుకోసం అవ్వా” అనండి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకోండి, పైన ఏం రాయాలో తీరిగ్గా ఆలోచించొచ్చు. మార్కెట్ పడిపోయిన రోజు మదనపల్లెలో క్రేటు టమోటా ఎంత పలికితే అంత చేతిలో పెట్టండి.

3. పాట ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. అదే మన పెట్టుబడి! చట్టానికి ఒక రచయిత కావాలి, ఆయన పోయాక 60 ఏళ్ల లెక్క కావాలి. ఊరంతా తరతరాలుగా పాడుకున్నది ఆ లెక్కలోకి రాదు. రెండు చరణాలు కోసేయండి, ఒకటి అతికించండి, కీబోర్డు మోగించి “రచన, సంగీతం” పక్కన మీ పేరు వేసుకోండి.

4. ఎవరన్నా నిలదీస్తే ఠాగూరును అడ్డం పెట్టండి. 1919లో మదనపల్లెలో కూర్చుని ఆయన ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చలేదా? మార్గరెట్ కజిన్స్ అనే ఆవిడ దానికి స్వరాలు రాయలేదా? “ఆయన మార్చింది తన పాటనే కదన్నా” అన్నారంటే, టీ తాగొస్తానని లేచిపోండి.

5. తోలుబొమ్మల జోలికి పోకండి, వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. బొమ్మ ఆడిస్తూ పాడే పాటకు లేదు. అది ఎత్తేయండి.

6. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, అటు తిరిగి చూడకండి. జానపదం చదివినవాళ్లకు ఒక రోగం: ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ అని అడుగుతారు.

7. మనస్సాక్షి గొణిగితే జెనీవా పేరు చెప్పి జోకొట్టండి. అక్కడి ప్రపంచ మేధో సంపత్తి సంస్థ కమిటీ 2000 నుంచి జానపదాల సంగతి మాట్లాడుతూనే ఉంది. 2024లో ఒప్పందమైతే కుదిరింది గానీ అది జన్యు వనరులకూ వాటి చుట్టూ ఉన్న సంప్రదాయ జ్ఞానానికీ; పాటలు ఇంకా గడప బయటే. పెద్దోళ్లకే తొందర లేదు, మనకేం?

8. రచ్చయితే పండగే. 2021లో ‘సారంగ దరియా’ పాట ఎవరిదని గొడవ లేస్తే, ఆ గొడవ కోసమే విన్నవాళ్లెంతమందో!

9. పాటను మీ పేరిట యూట్యూబ్‌లో రిజిస్టర్ చేయించండి. వచ్చే జాతరలో అవ్వ పాడింది మనవడు అప్‌లోడ్ చేస్తే, యాడ్ డబ్బులు మీ ఖాతాలో పడతాయి. వాడు ఫోన్ చేసి “అన్నా, మా అవ్వ పాటే కదా” అంటే, లీగల్ టీముతో మాట్లాడమనండి. నంబరు మీ బామ్మర్దిది ఇవ్వండి.