ఫుట్‌నోట్ పురాణం

ఇంగ్లండుకు చెందిన యెస్ అనే రాక్ బృందం 1973 డిసెంబరులో విడుదల చేసిన రెండు ఎల్పీ రికార్డుల ఆల్బమ్ 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. అందులో పాటలు నాలుగే. రికార్డుకు రెండు పక్కలు, పక్కకో పాట. వాటిలో చిన్నది పద్దెనిమిదిన్నర నిమిషాలు, పెద్దది ఇరవై ఒకటిన్నర. మొత్తం సుమారు 81 నిమిషాలు. ప్రోగ్రెసివ్ రాక్ ఎంత గొప్పదో చెప్పాలనుకున్నవాళ్లూ, ఎంత భరించరానిదో చెప్పాలనుకున్నవాళ్లూ సాక్ష్యానికి పిలిచేది దీన్నే.

ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర్లో పుట్టింది. మూడు నిమిషాల ప్రేమపాట తమ విద్వత్తుకు చాలదని తేల్చుకున్న కుర్రాళ్లు సింఫనీల నుంచి అంకాల విభజనను, జాజ్ నుంచి తాళాల తికమకను తెచ్చుకుని, వాటన్నిటికీ కరెంటు ఇచ్చారు. 1972లో యెస్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' అనే పాటతో రికార్డులో ఒక పక్కంతా నింపి, అందరి మెప్పూ పొందింది. ఒక పక్క నింపి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లకు తర్వాత ఏం తోస్తుందో ఊహించడం కష్టం కాదు.

తోచడానికి కావలసిన సరుకు ఒక పెళ్లి విందులో దొరికింది. యెస్ నుంచి కింగ్ క్రిమ్సన్ బృందానికి మారిన డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ పెళ్లి 1973 మార్చిలో జరిగింది. కింగ్ క్రిమ్సన్‌లో తాళవాద్యాలు వాయించిన జేమీ మ్యూర్ అక్కడ యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్‌కి పరమహంస యోగానంద 1946లో వెలువరించిన ఆత్మకథను చదవమని చెప్పాడు. తెలుగువాళ్లు 'ఒక యోగి ఆత్మకథ'గా చదువుకున్న పుస్తకమే అది. అందులో ఒకేసారి రెండు చోట్ల కనిపించే స్వామి ఉన్నాడు, అన్నం ముట్టకుండా ఏళ్లకేళ్లు బతికిన యోగిని ఉంది, హిమాలయాల్లో మరణమెరుగని బాబాజీ ఉన్నాడు. మామూలు పాఠకులు వీళ్ల దగ్గర ఆగిపోతారు. టోక్యోలో కచేరీలకు వెళ్లిన ఆండర్సన్ మాత్రం హోటల్ గదిలో 83వ పేజీ అడుగున ఉన్న ఫుట్‌నోట్ దగ్గర ఆగాడు. శాస్త్రాలు శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగు విధాలనీ, మతం మొదలుకొని వైద్యం, వాస్తు దాకా అన్నీ వాటిలో ఇమిడి ఉన్నాయనీ ఆ ఫుట్‌నోట్ సారం. ఇది దాచిన సంగతేమీ కాదు. ఆల్బమ్ అట్ట మీద పేజీ నంబరుతో సహా అచ్చువేశారు.

శాస్త్రాలు నాలుగు, రెండు రికార్డులకు పక్కలూ నాలుగు. లెక్క ఇంత చక్కగా కుదరడం ఆ రికార్డులను అమ్మిన అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీ చేసుకున్న పుణ్యం. ఆండర్సన్ కన్ను అష్టాదశ పురాణాల మీద పడి ఉంటే తొమ్మిది రికార్డులయ్యేవి. నూట ఎనిమిది ఉపనిషత్తుల మీద పడి ఉంటే యాభై నాలుగు రికార్డులు, వాటిని ఇంటికి మోసుకెళ్లడానికి ఒక బండి.

అయితే ఈ లెక్కలో శాస్త్రాల కన్నా గట్టిది వినైల్ మాట. నిమిషానికి ముప్ఫైమూడూ మూడోవంతు చుట్లు తిరిగే ఎల్పీలో ఒక పక్కకు ఇరవై నిమిషాలు సుఖంగా పడతాయి. అంతకన్నా కుక్కాలంటే గాళ్లను దగ్గరదగ్గరగా కోయాలి. పెద్ద శబ్దానికీ, బేస్ గిటార్ గాంభీర్యానికీ గాడి వెడల్పుగా ఊగాలి కాబట్టి, చోటు లేనప్పుడు మొత్తం ధ్వనినే తగ్గించుకోవాలి. పైగా సూది లోపలి చుట్లకు చేరేకొద్దీ దాని కింద జారే గాడి వేగం పడిపోయి స్పష్టత తగ్గుతుంది. సింఫనీ పద్ధతి పాట హోరెత్తేది చివర్లోనే. అంటే సంగీతం శిఖరానికి చేరే వేళకు రికార్డు తన అత్యంత బలహీనమైన చోటికి చేరుతుంది. ఎక్కువైతే ఇన్ని తంటాలు. తక్కువైతే ఇంకో చిక్కు: శ్రుతికి ఇరవై నిమిషాలిచ్చి స్మృతికి పన్నెండు నిమిషాలిస్తే శాస్త్రం ఒప్పుకున్నా కొన్నవాడు ఒప్పుకోడు. కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ తర్వాత తరచూ చెప్పిన ఫిర్యాదు ఇదే. ఒక రికార్డుకు ఎక్కువ, రెండింటికి తక్కువ సరుకుంది కాబట్టి సాగదీశారని.

సాగదీయడానికి ముందు అల్లిక ఆండర్సన్, గిటారిస్టు స్టీవ్ హౌ ఇద్దరిదే. పర్యటన పొడవునా హోటల్ గదుల్లో కొవ్వొత్తుల వెలుగులో కూర్చుని, అమెరికాలోని సవానా ఊళ్లో ఒక రాత్రంతా మేలుకుని చట్రం పూర్తి చేశారు. బేస్ వాయించే క్రిస్ స్క్వయర్, డ్రమ్మర్ ఆలన్ వైట్, వేక్‌మన్‌లకు విషయం తర్వాత తెలిసింది.

రికార్డింగు ఎక్కడన్నది తేలడానికి మరో చర్చ. ఆండర్సన్‌కి రాత్రివేళ అడవిలో చేయాలని ఉండేది. మిగిలినవాళ్లు సాగనివ్వలేదు. చివరికి లండన్ విల్స్‌డెన్‌లోని మోర్గన్ స్టూడియో ఖాయమైంది. అడవికి వెళ్లలేకపోయిన గాయకుడి కోసం పల్లెటూరునే స్టూడియోకి తెచ్చారు: అట్టతో చేసిన ఆవులు, గడ్డిమోపులు, కొయ్య కంచె. స్నానాలగదిలో పాడితే గొంతు బాగుంటుందన్న సార్వజనీన సత్యాన్ని పట్టుకుని ఆండర్సన్ టైల్స్ గది కూడా అడిగాడు. ప్లైవుడ్ చెక్కలకు టైల్స్ అతికించి ఒకటి కట్టిచ్చారు. పాట మధ్యలో టైల్స్ ఊడిపడుతుండేవి. పక్క స్టూడియోలో బ్లాక్ సబాత్ బృందం తన ఆల్బమ్ చేసుకుంటోంది. వేక్‌మన్ అక్కడికెళ్లి ఒక పాటకు కీబోర్డు వాయించి, బీరు రూపంలో పారితోషికం పుచ్చుకున్నాడు.

ఇంత జరిగాక వచ్చిన సంగీతం తీసిపారేసేది కాదు. మొదటి పక్క మంత్రజపంలా వేగంగా మొదలై, అంత పొడవులోనూ పట్టు సడలని అల్లిక. రెండో పక్క స్మృతి గురించి కాబట్టి కాబోలు, గుర్తుకు తెచ్చుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది. వేక్‌మన్ ఫిర్యాదుకు అసలైన ఆధారం ఇక్కడే ఉంది. మూడో పక్క మొదట చాలాసేపు చెవులకు పరీక్షే. దాన్ని దాటినవాళ్లకు హౌ ఒంటరిగా వాయించే అకౌస్టిక్ గిటారు ఎదురొస్తుంది, ఆల్బమ్ మొత్తంలో అంత అందమైన చోటు మరొకటి లేదు. నాలుగో పక్కలో స్క్వయర్ బేస్ గిటార్ కథానాయకుడవుతుంది, ఆపైన డ్రమ్ముల తాండవం. తంత్రం అన్న మాటకు ఇంగ్లండు కుర్రాళ్లు ఇచ్చిన న్యాయం అదే.

అట్ట మీది బొమ్మ రోజర్ డీన్ వేసింది. మాయా నాగరికత నాటి గుడి, జలపాతం, గాలిలోనో నీటిలోనో ఈదే చేపలు. శ్రుతిస్మృతులకు మెక్సికో గుడితో చుట్టరికమేమిటని అప్పట్లో ఎవరూ నిలదీసినట్టు లేదు.

ఆల్బమ్ దుకాణాలకు చేరకముందే, నవంబరులో, లండన్ రెయిన్‌బో థియేటర్‌తో సహా కచేరీల్లో దాన్ని మొత్తంగా వాయించడం మొదలుపెట్టారు. పరిచయం లేని సంగీతాన్ని ఎనభై నిమిషాలు వినడం అభిమానులకు కూడా తపస్సే అయింది. పర్యటన సాగేకొద్దీ రెండో పక్కను పక్కన పెట్టారు. మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్ కచేరీ సంగతి వేక్‌మన్ స్వయంగా చెబుతుంటాడు. తన వాయిద్యానికి పెద్దగా పని లేని ఘట్టంలో, ఆర్గన్ కింద ఉండే సహాయకుడు తర్వాత తినడానికేం కావాలని అడిగితే చికెన్ విందాలూ కూర చెప్పాడట. కచేరీ అయ్యాక అనుకుంటే, అది మధ్యలోనే వచ్చేసింది. కీబోర్డు మీద పెట్టుకుని తినేశాడు. ఆ వేదిక మీద ఫుట్‌నోట్ మధ్యవర్తిత్వం లేకుండా అందిన భారతీయ సంస్కృతి బహుశా ఆ కూరొక్కటే.

ముందస్తు ఆర్డర్లతోనే గోల్డ్ స్థాయి అందుకున్న ఆల్బమ్ బ్రిటన్‌లో రెండు వారాలు మొదటి స్థానంలో నిలిచింది, అమెరికాలో ఆరో స్థానం దాకా ఎక్కింది. విమర్శకులు మాత్రం చీల్చి చెండాడారు. 1974 మే నెలలో వేక్‌మన్ బృందం వదిలేశాడు. అదే నెలలో అతని సొంత ఆల్బమ్ 'జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్' బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కింది. అది ఒక్క రికార్డే. యెస్ తర్వాతి ఆల్బమ్ 'రిలేయర్' కూడా ఒక్క రికార్డే.

సీడీలు వచ్చాక పక్క తిప్పే బాధ తప్పుతుందనుకున్నారు. 81 నిమిషాలు ఒక సీడీలో పట్టక అక్కడా రెండే అయ్యాయి. 2003లో మళ్లీ విడుదల చేసినప్పుడు, మొదటి పాటకు అసలు రికార్డులో లేని రెండు నిమిషాల ఆరంభాన్ని వెతికి తెచ్చి ముందు కలిపారు.