పరువు రేటు: రోజుకు వంద

ఒకప్పుడు అప్పు ఎగ్గొట్టాలంటే ముందు అప్పు తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ లేదు. పాన్ నంబరు ఉంటే చాలు, తీసుకోవడం, ఎగ్గొట్టడం రెండూ మీ తరఫున ఎవరో కానిచ్చేస్తారు. నటుడు రాజ్‌కుమార్ రావు తన పాన్ మీద ఎవరో 2,500 రూపాయలు అప్పు తీసుకున్నారని 2022లో ట్విటర్‌లో మొత్తుకున్నారు. హీరో మొత్తుకుంటే వార్త. కె. వెంకటేశ్వర్లు మొత్తుకుంటే ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి లైన్‌లో ఉండండి’.

వెంకటేశ్వర్లు అన్నానని నవ్వకండి. ఒక్కో మండలంలో ఎంతమంది కె. వెంకటేశ్వర్లుంటారో, వాళ్లలో ఎందరి నాన్నగారు సుబ్బారావో లెక్క తీయండి. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకులో ఇంటిపేరు చివరన. ఒకాయన ట్రాక్టరు లోను ఇంకొకాయన క్రెడిట్ రిపోర్టులోకి దర్జాగా నడిచి రావడానికి ఇంతకన్నా రాచబాట ఏం కావాలి?

సరే, ఫిర్యాదు చేద్దాం. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అని దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరో కంపెనీలు మన అప్పుల పద్దులు రాస్తున్నాయి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఊరికే ఇవ్వాలి, ఇస్తాయి. ‘ఈ ఖాతా నాది కాదు’ అన్న గడి నొక్కుతారు మీరు. ఆ కంపెనీ దాన్ని బ్యాంకుకు పంపి, అయ్యా, ఇది ఆయనదేనా అని అడుగుతుంది. అప్పిచ్చినవాడు దిద్దమంటే తప్ప అది అక్షరం దిద్దకూడదు, 2005 నాటి చట్టం అలా రాసి ఉంది. బ్యాంకేమో తప్పు పుట్టిన కంప్యూటర్‌నే తెరిచి చూస్తుంది. అందులో మీ పేరే ఉంటుంది కదా మరి! ‘సరిచూశాం, వివరాలు సరైనవే.’ తగువులో అవతలి పక్షమూ, తగువు తీర్చే పెద్దమనిషీ ఒక్కరే.

బ్రాంచికి వెళ్తే రుజువు తెమ్మంటారు. అప్పు తీసుకున్నవాడి దగ్గర కాగితాలుంటాయి. తీసుకోనివాడి దగ్గర ఏముంటుంది, తీసుకోలేదన్న రసీదా?

“సార్, ఆ అప్పు నాది కాదండీ.”

“చిన్న అమౌంటే కదండీ, సెటిల్ చేసేసుకోండి, సిబిల్ క్లియరైపోతుంది.”

ఇంతకన్నా ప్రమాదకరమైన ఉచిత సలహా ఈ దేశంలో లేదు. ఎవరి అప్పో మీరు తగ్గించి కడితే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. రేపు ఇంకో మేనేజరు దాన్ని చూసి, ఓహో, పూర్తిగా కట్టలేని బాపతన్నమాట అని ఫైలు పక్కన పెడతాడు. తప్పు అప్పు కాస్తా మీ డబ్బుతోనే నిజం అప్పు అయి కూర్చుంటుంది.

రిజర్వు బ్యాంకు ఊరుకుందని అనుకోకండి. ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు ఇచ్చుకోవాలంది. 2024 ఏప్రిల్ నుంచి అమలు. శభాష్! ఇప్పుడు అదే రిజర్వు బ్యాంకు మిగతా ధరల పట్టీ చూడండి. అప్పు తీరాక ఇంటి కాగితాలు 30 రోజుల్లో తిరిగివ్వకపోతే రోజుకు 5,000. బాకీ లేని క్రెడిట్ కార్డును రద్దు చేయమన్నా 7 పనిదినాల్లో చేయకపోతే రోజుకు 500. నిక్షేపంలాంటి మనిషిని ఎగవేతదారుగా అట్టే పెట్టుకుంటే 100. దస్తావేజు కన్నా ప్లాస్టిక్ ముక్క చవక, ప్లాస్టిక్ ముక్క కన్నా మన పరువు చవక.

ఆ వందైనా ఆలస్యానికే, తప్పుకు కాదు. గడువు లోపల ‘సరైనవే’ అని పచ్చి అబద్ధం రాసి పంపినా ఈ పద్దు కింద పైసా రాలదు. ఈలోగా స్కోరు తక్కువని ఇంటి లోను మీద అర శాతం వడ్డీ ఎక్కువేస్తే, 30 లక్షలకు మొదటి ఏడాదే దాదాపు 15,000. అది మాత్రం ఠంచనుగా, తేదీ తప్పకుండా కోసుకుంటారు. అందులో ఆలస్యం ఎప్పుడైనా చూశారా?

బ్యాంకు కాదంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా ఆయన పరిధిలోకే వచ్చాయి. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన రుజువు దాచుకుని, వెళ్లండి. గెలిచి రోజుకు వంద చొప్పున రాబట్టారే అనుకోండి, తగువు తేలిన 5 పనిదినాల్లో అది మీ ఖాతాలో పడాలి. ఆలోపు ఖాతాలో మినిమమ్ బ్యాలెన్స్ తగ్గకుండా చూసుకోండి, లేదంటే దానికీ కోత పడుతుంది.